ఫార్ములా కారు మొదటిసారి కదిలే ముందు

దసరా సెలవులు అయ్యేసరికి బరంపురంలో వానలు తగ్గుముఖం పడతాయి. సంక్రాంతి దాటాక కోయంబత్తూరులో ఫార్ములా భారత్ పోటీ, విద్యార్థులు తామే తయారుచేసుకున్న చిన్న రేసు కార్లకి. కాలేజీ జట్లు ఏడాదంతా వెల్డింగ్ చేసుకున్న కారును స్టాండు మీంచి దింపి నడిపి చూసుకోవాల్సింది ఈ మధ్యలోనే. తుపాన్లూ ఈ నెలల్లోనే వస్తాయి. 2013 అక్టోబరులో ఫైలిన్ మన గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. అందుకే ఒక్కరోజు పొడిగా దొరికితే చాలు, జట్టంతా ‘పదండి పదండి’ అంటుంది. నేను జట్టులో ఉన్నప్పుడు అలా అన్నవాళ్లలో నేనే ముందు.

ఇంజను సంగతి తర్వాత, ముందు బ్రేకు చూడండి తమ్ముళ్లూ. మా మొదటి కారుకి వర్క్‌షాపులో పెడల్ రాయిలా ఉండేది. గ్రౌండులో పది నిమిషాలు తిప్పాక నానిన అటుకుల మీద కాలేసినట్టు మెత్తగా లోపలికి దిగిపోయింది. మట్టిగుట్ట అడ్డం వచ్చింది కాబట్టి బతికిపోయాం. విప్పి చూస్తే ఒక బ్రేకు ప్యాడ్ పట్టేసి చక్రం వేడెక్కుతోంది. దానికి తోడు మేం పోసిన డాట్ 4 రకం బ్రేకు ఆయిల్ వానాకాలమంతా మూత సరిగా పెట్టని డబ్బాలో ఉన్నది. ఆ ఆయిల్ గాలిలో తేమను పీల్చుకుంటుంది. కొత్తదైతే 230 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ పట్టిందానికి ప్రమాణమే 155. మరిగితే గొట్టంలో ఆవిరి బుడగలు తయారవుతాయి. మీ కాలి బలమంతా ఆ బుడగల్ని నొక్కడానికే పోతుంది, ప్యాడ్ దాకా చేరదు. సముద్రపు గాలి తగిలే ఊరు మనది, సీలు తీసిన డబ్బాలో మిగిలింది దాచకండి. బ్లీడింగ్ రోజు, అంటే బ్రేకు గొట్టాల్లోంచి గాలి తీసే రోజు, కొత్త డబ్బా తెరవండి. చక్రాలు పైకెత్తి ఒక్కొక్కటీ చేత్తో తిప్పి చూడండి, ఎక్కడ పట్టేస్తోందో చేతికే తెలుస్తుంది.

తర్వాత నట్లు. ఎంత బలంగా బిగించామో కొలిచే టార్క్ రెంచ్‌తో బిగించినవాడే, బిగించిన చేత్తోనే, నట్టు మీంచి బ్రాకెట్ మీదికి తెల్ల పెయింటుతో ఒక గీత గీయాలి. నట్టు ఇసుమంత తిరిగినా గీత రెండు ముక్కలై కనిపిస్తుంది. ప్రతి రౌండు తర్వాత టార్చి వేసుకుని ఆ గీతలే చూడాలి. ముఖ్యంగా స్టీరింగ్ రాడ్ల చివర ఉండే లాక్ నట్లు. నట్టు దాటి కనీసం రెండు మరలు బయటికి కనిపించకపోతే ఆ బోల్టు పొట్టిదే, మార్చేయండి. ‘నేను బిగించాన్రా’ అనే మాటకి ఇక్కడ విలువ లేదు.

వేడి విషయంలో పెద్దవాళ్లకే దెబ్బలు తగిలాయి. ఫార్ములా వన్‌లో వరసగా నాలుగేళ్లు ఛాంపియన్ అయిన రెడ్ బుల్ జట్టు, 2014 జనవరిలో స్పెయిన్‌లోని హెరెస్ పరీక్షల్లో నాలుగు రోజులకీ కలిపి 21 ల్యాపులే తిరగగలిగింది. ఇంజనులో ఇబ్బందులకి తోడు, వెనకభాగం మరీ బిగుతుగా సర్దడంతో వేడి బయటికి పోలేదు. మన ఉక్కపోతలో చిన్న రేడియేటర్, దాని ముందు అందం కోసం పెట్టిన ఇరుకు మూతి అంటే అదే కథ. పోటీ నియమాల ప్రకారం అందులో పోయాల్సింది మామూలు నీళ్లే కాబట్టి కూలెంట్ మీద ఆశలు పెట్టుకోవద్దు. ఐదు నిమిషాలకోసారి ఆపి ఉష్ణోగ్రత రాసుకోండి. వేడి మీద మూత తీయకండి.

గాలితో కారును నేలకి నొక్కిపట్టే రెక్కలుంటే మొదటిరోజు విప్పేయండి. 2022లో బార్సిలోనా పరీక్షల్లో ఫార్ములా వన్ కార్లు ఆ గాలి ఒత్తిడి వల్లే నేరుగా వెళ్లే చోట గుర్రాల్లా ఎగిరెగిరి పడ్డాయి. అన్ని విండ్ టన్నెల్ లెక్కలు చేసినవాళ్లే ట్రాక్ మీద చూసి బిత్తరపోయారు. ఒక్కసారికి ఒక్క సమస్యే చాలు మనకి.

డ్రైవర్ హెల్మెట్, గ్లవ్స్, బెల్టులు అన్నీ పెట్టుకుని 5 సెకన్లలో బయటికి రావాలన్నది నియమం. అది పోటీరోజు పరీక్ష కదా అనుకుని మొదటిరోజు వదిలేస్తారు. డ్రైవర్ దిగడానికి స్టీరింగ్ ఊడదీయాలి, ఎర్రదుమ్ము పడితే అది ఊడే చోట పట్టేస్తుంది, అది ఆ రోజే తెలుసుకోవాలి. అగ్నిమాపక సిలిండర్లు రెండు ఉంచి, పిన్ను ఎలా లాగాలో ముందే చేయించి చూడండి. చైన్ తిరిగే వరసలో ఎవరూ నిలబడకూడదు, ఫోన్‌తో వీడియో తీసేవాళ్లు అసలే వద్దు. ఊరి రోడ్డు మీద నడపడం మాత్రం మాట వరసకి కూడా వద్దు. మేకలు, సైకిళ్లు మీ బ్రేకుల లెక్కలోకి రావు.

మన జట్టులో ఒకడు ‘ఆగు’ అంటాడు, ఇంకొకడు ఒడియాలో ‘రొహొ’, మరొకడు హిందీలో ‘రుకో’. హెల్మెట్‌లో ఏదీ వినపడదు. ఒకే ఎర్రజెండా పెట్టుకోండి. అది ఎవరు ఊపినా బండి ఆగాల్సిందే. 108 పిలిస్తే ఏ గేటు దగ్గరికి రమ్మనాలో ముందే అనుకోండి. ఎంకేసీజీ ఆస్పత్రికి ఎంతసేపు పడుతుందో ఒకసారి బైక్ మీద వెళ్లి చూసుకోండి.

అన్నిటికంటే ముఖ్యంగా, ‘వద్దు’ అని చెప్పడమే పనిగా ఒక మనిషిని పెట్టండి. కారు తయారీలో చెయ్యి పెట్టనివాడైతే మంచిది, దాని మీద మమకారం ఉండదు. కారు కరెంటంతా ఆపేసే మాస్టర్ స్విచ్‌కి ఊడొచ్చే ఎర్రపిడి అతని దగ్గరే ఉండాలి. మొదటి రౌండు మనిషి నడకంత వేగం, తర్వాత గీతలు చూడటం, ఆ తర్వాతే రెండో గేరు. సాయంత్రం వెలుతురు తగ్గాక ‘అన్నా, ఇంకొక్క రౌండు’ అని మొదలవుతుంది. అప్పటికి ఆ పిడి అతని జేబులో ఉండాలి, అతను టీ కొట్టు దగ్గర ఉండాలి.