పాత టాటా 407ను ఇంటి దగ్గర బాగుచేయడం ఎలా? ముందు బ్రేకులు పట్టుకోండి

1986లో వచ్చిన టాటా 407 బండ్లు ఇప్పటికీ ఎన్నో షెడ్లలో తుప్పు పట్టి నిలబడి ఉన్నాయి. బాగుచేయాలని దిగినవాళ్లలో ఎక్కువమంది ముందు ఇంజను విప్పుతారు, లేదా రంగు కొంటారు. రెండూ తప్పే. ఆగని బండి స్టార్ట్ అయితే ఎవరికి లాభం?

జాకీ, గట్టి స్టాండ్లు, పానాల సెట్టు, వైరు బ్రష్షు, తుప్పు వదిలించే నూనె, సన్నని పారదర్శక గొట్టం, గాజు సీసా ఉంటే చాలు. ఇటుకల మీద బండి నిలపవద్దు, అవి చెప్పకుండా పగులుతాయి. చక్రాల నట్లను బండి నేల మీద ఉండగానే వదులు చేయండి. చక్రం వెనకున్న బ్రేకు డ్రమ్ము ఊడాక లోపలి దుమ్మును ఊదవద్దు. డ్రమ్ముకు ఒరుసుకుని బండిని ఆపే పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండవచ్చు కనుక మాస్కు పెట్టుకుని తడిగుడ్డతో తుడవండి.

ఒక్కో చక్రం దగ్గర ఆయిల్ ఒత్తిడితో బ్రేకును నెట్టే వీల్ సిలిండర్లలో రబ్బరు కప్పులన్నీ మార్చాలి. లోపల గుంటలు పడితే సిలిండరే మార్చాలి. డీజిలుతో కడిగితే రబ్బరు ఉబ్బుతుంది, బ్రేక్ ఆయిల్‌తోనే కడగండి.

ఇక బ్రేకు పైపుల్లో చేరిన గాలి తీయడం. పని చెడేది ఇక్కడే.

సీలు తీయని కొత్త డబ్బానే వాడండి. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 అనే రకం బ్రేక్ ఆయిల్ కొత్తదైతే కనీసం 205 డిగ్రీల దాకా మరగదు. తేమ చేరితే ఆ హద్దు 140కి పడిపోవచ్చు. బరువుతో ఘాట్ దిగుతుండగా అది మరిగి ఆవిరైతే పెడలు నేలకు అంటుకుపోతుంది.

ఇంజను ఆపి, పెడలు తొక్కితే ఆయిల్‌ను పైపుల్లోకి నెట్టే మాస్టర్ సిలిండర్ నుంచి పైపు అన్నిటికన్నా పొడవుగా వెళ్లే చక్రంతో మొదలుపెట్టండి. వీల్ సిలిండర్‌కు ఉండే నిపుల్‌కు, అంటే గాలి వదిలే చిన్న మరకు, గొట్టం తొడిగి, రెండో కొస సీసాలోని ఆయిల్‌లో ముంచండి. తోడున్న మనిషి పెడలు నెమ్మదిగా తొక్కి పట్టుకోవాలి. మీరు నిపుల్ అర చుట్టు తిప్పి, బుడగలు వచ్చాక బిగించాలి. బిగించానని చెప్పేదాకా అతను కాలు తీయకూడదు. తీస్తే బయటి గాలి మళ్లీ లోపలికే పోతుంది.

పెడలు కింద చెక్కముక్క తప్పనిసరి. మాస్టర్ సిలిండర్‌లో పిస్టన్ రోజూ ముందుకీ వెనక్కీ కదిలే భాగం నున్నగా ఉంటుంది, ఆపైన తుప్పు ఉంటుంది. నేల దాకా తొక్కితే రబ్బరు ఆ తుప్పు మీదికి వెళ్లి చిరుగుతుంది. మెకానిక్కులే ఇది పట్టించుకోకపోవడం నాకు కోపం తెప్పిస్తుంది.

బ్రేక్ ఆయిల్ ట్యాంకులో ఆయిల్ సగానికి తగ్గనివ్వకండి. సీసాలో పడింది తిరిగి పోయకండి. నిపుల్ తెరిచి వదిలేసి దానంతట అదే కారనివ్వడం కొందరి పద్ధతి. ఏళ్లుగా నిలిచిన బండిలో మలుపుల దగ్గర ఇరుక్కున్న బుడగ అలా కదలదు. ఇద్దరు మనుషులు కావాల్సిందే.

చివరికి పెడలు గట్టిగా తొక్కి నిమిషం పట్టుకోండి. మెత్తగా ఉంటే గాలి మిగిలింది. మెల్లగా కిందికి జారుతుంటే, ఎక్కడా కారడం లేకపోతే, మాస్టర్ సిలిండర్ కిట్టు మార్చాలి. రెండూ లేకపోతే ఖాళీ బండిని మైదానంలో నడకవేగంతో నడిపి, పదేపదే ఆపి చూడండి. ఆ తర్వాతే రోడ్డెక్కించండి.