మంచులో జాడ చూడటం ఇలా

అమెరికాలోని మిన్నెసోటాలో మా ఇంటి వెనకంతా చెట్లే. రాత్రి పలచగా మంచు కురిసిందంటే తెల్లారగానే బూట్లేసుకుని బయల్దేరతాను. ఎండ ఏటవాలుగా పడేటప్పుడే జంతువుల జాడలు బాగా కనిపిస్తాయి.

ముందు కుందేలు, ఉడుత తేడా పట్టుకోండి. రెండూ గెంతేవే కాబట్టి పెద్దవైన వెనక కాళ్ల గుర్తులు ముందుకాళ్ల గుర్తులకంటే ముందువైపు పడతాయి. చిన్నవైన ముందుకాళ్ల గుర్తులు పక్కపక్కనే ఉంటే సాధారణంగా ఉడుత, ఒకదాని వెనక ఒకటి ఉంటే కుందేలు. జింకది చీలిన గిట్ట, మొన ఎటుంటే అటే వెళ్లినట్టు.

నక్కా, కుక్కా అన్నది ఒక్క అడుగు చూసి తేల్చకండి. జాడ పక్కనే ఇరవై అడుగులు నడవండి. నక్క దారం లాగినట్టు తిన్నగా పోతుంది, కుక్క అటూ ఇటూ తిరుగుతుంది. మధ్యాహ్నానికి అంచులు కరిగి కుక్క అడుగు కూడా తోడేలుదంత అవుతుంది, జాగ్రత్త.

జాడను వెనక్కే, అంటే జంతువు వచ్చిన వైపుకే అనుసరించండి. ముందుకెళ్తే జంతువు బెదిరి పరిగెడుతుంది, చలికాలంలో దాచుకున్న కొవ్వు అనవసరంగా ఖర్చవుతుంది.