ఎన్‌డూయా దొరికిందా? ముందు ఆ కత్తి పక్కన పెట్టండి

సాసేజ్ అనగానే చక్రాల్లా పల్చగా కోసుకుని తినేదే గుర్తొస్తుంది కదా. ఇటలీవాళ్ల ఎన్‌డూయాను అలా కోయాలని చూస్తే కత్తికి అంటుకుని ముద్దముద్దగా వచ్చేస్తుంది. పాడైందేమో అని కంగారు పడకండి, దాని తీరే అంత. పైకి దారంతో బిగించి కట్టిన సాసేజ్‌లా కనిపిస్తుంది గానీ లోపలున్నది వెన్నంత మెత్తటి ఎర్రటి ముద్ద. చెంచాతో తీయాలి, రొట్టె మీద పూయాలి, లేదంటే సన్నటి సెగ మీద కరిగించాలి. దీన్ని మాంసం ముక్కలా కాకుండా కారం కలిపిన కొవ్వులా చూడటం మొదలుపెడితే ఎంత వాడాలో, ఎప్పుడు వెయ్యాలో మీకే తెలిసిపోతుంది.

పేరు దగ్గర చాలామంది తడబడతారు. ఇటాలియన్‌లో రాసినప్పుడు అందులో ‘జె’ అక్షరం ఉంటుంది, కానీ పలికేది ‘య’ అని. కాబట్టి ఎన్‌డూజా అనకండి, ఎన్‌డూయా.

ఇటలీ పటం బూటులా ఉంటుంది కదా, ఆ బూటు ముందు కొస కలాబ్రియా. అందులో వీబో వలెంతియా దగ్గర, పోరో కొండ మీదున్న స్పిలింగా అనే చిన్న ఊరు దీనికి పుట్టిల్లు. ఏటా ఆగస్టు 8న ఆ ఊళ్లో ఎన్‌డూయా పండగే చేస్తారు. ఇంత పేరొచ్చింది గానీ మొదట్లో ఇది పేదవాళ్ల తిండి. పందిని కోసినప్పుడు మంచి కండంతా వేరేవాటికి పోగా మిగిలిన కొవ్వు, తునకలు, ఒకప్పుడు ఊపిరితిత్తుల్లాంటివి కూడా పారేయకుండా మెత్తగా నూరి ఉప్పూ మిరపపొడీ కలిపి దాచుకునేవారు. ఇప్పుడు ఎక్కువగా దవడ కొవ్వు, పొట్ట, భుజం, వీపు కొవ్వు వాడుతున్నారు. పేరు ఫ్రెంచివాళ్ల ‘అందూయ్’ అనే పేగుల సాసేజ్ నుంచి వచ్చిందంటారు. 1808 నుంచి 1815 దాకా నేపుల్స్‌ని ఏలిన ఫ్రెంచి రాజు మురాతో దీన్ని ముడిపెట్టే కథ కూడా ఒకటుంది, అది కథగానే వినండి. మిరపకాయ మాత్రం 1492లో కొలంబస్ అమెరికా చేరాకే యూరప్‌లో అడుగుపెట్టింది, కాబట్టి ఈ ఎర్రటి ఎన్‌డూయా అంతకంటే పాతది అయ్యే వీల్లేదు.

అందులో పడే మిరప కొంచెం కాదు, చిటికెడో చెంచాడో అనుకునేరు. చాలాచోట్ల మొత్తం బరువులో ఐదో వంతు, పావు వంతు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ కూడా ఉంటుంది. అదీ ఎండబెట్టిన కలాబ్రియా మిరపే, కారంగా ఉండేదీ తియ్యగా ఉండేదీ కలిపి వేస్తారు. పాత పద్ధతిలో మిరియాలూ వెల్లుల్లీ ఏమీ పడవు. కలిపిన ముద్దని పేగులో కూరి, పొగ పట్టించి, నెలల తరబడి వేలాడదీస్తారు. పెద్దవాటికి వాడే పేగుని ‘ఓర్బా’ అంటారు, అంటే గుడ్డిది అని అర్థం. పంది పెద్దపేగు మొదట్లో సంచిలా ఉండే భాగం అది, ఒక వైపు మూసుకుపోయి దారి లేకుండా ఉంటుంది కాబట్టి ఆ పేరు. నాకు భలే నచ్చిన పేరు.

కొనేటప్పుడు రెండు రూపాల్లో దొరుకుతుంది, పేగులో కూరింది ఒకటి, గాజు సీసాలోది ఇంకోటి. మొదటిసారి కొనేవాళ్లకి సీసానే నయం, కొద్దికొద్దిగా వాడుకోవచ్చు. కాకపోతే సీసాల్లో కొన్నిటికి నూనె కలుపుతారు, కాబట్టి తిప్పి వెనకున్న పదార్థాల పట్టీ చదవండి. పంది మాంసం, కొవ్వు, మిరప, ఉప్పు ఇంతే ఉంటే కళ్లు మూసుకుని తీసుకోవచ్చు. పొద్దుతిరుగుడు నూనె, రంగు, ఇంకేవేవో పొడవుగా కనిపిస్తే అక్కడే వదిలేయండి. పేగులో ఉన్నదానికి పైన తెల్లటి బూజు పొడిపొడిగా పట్టి ఉంటే భయం లేదు, ఇలా ఆరబెట్టి మాగించే సాసేజ్‌లకి అది మామూలే. ముక్కిపోయిన వాసన వస్తే మాత్రం వద్దు.

ఇక తినడం. ఫ్రిజ్‌లోంచి తీసి వెంటనే పూయకండి, అరగంట బయట ఉంచితే కొవ్వు వదులై రొట్టె మీద హాయిగా జారుతుంది. కాల్చిన రొట్టె మీద పల్చగా, నిజంగా పల్చగా రాయండి. కలాబ్రియాలో దీనికోసం మట్టితో చేసిన చిన్న కుంపటి లాంటిది ఉంటుంది, కింద కొవ్వొత్తి, పైన చిన్న గిన్నె. ఎన్‌డూయా అందులో మెల్లగా కరుగుతుంటే అందరూ చుట్టూ కూచుని రొట్టె ముంచుకు తింటారు. కారం ఎక్కువైతే నీళ్లు తాగి లాభం లేదు, మిరప మంటకి కారణమైన క్యాప్సైసిన్ నీళ్లలో సరిగ్గా కరగదు, కొవ్వులో కరుగుతుంది. అందుకే పక్కన రికోత్తా అనే మెత్తటి చీజ్ గానీ, పోరో కొండ మీదే చేసే గొర్రెపాల పెకొరీనో చీజ్ గానీ పెట్టుకోండి. ఆ చుట్టుపక్కలదే అయిన త్రోపెయా ఎర్ర ఉల్లిపాయ తియ్యగా ఉంటుంది, దీనికి అదీ మంచి జత. వైన్ తాగేవాళ్లు కలాబ్రియాదే చిరో రెడ్ తీసుకుంటారు.

వంటలో వాడేటప్పుడు నేను చేసిన తప్పు మీరు చేయకండి. మొదటిసారి పెనం మీద నూనె పోసి, బాగా కాగాక రెండు పెద్ద చెంచాల ఎన్‌డూయా వేశాను. సర్రుమని పొగ లేచింది, మిరప మాడి ఇంట్లో అందరికీ ఒకటే దగ్గు, కిటికీలన్నీ తీసినా గంట పట్టింది తేరుకోడానికి. కూర కూడా చేదు. పొరపాటు ఎక్కడంటే దానికి అసలు నూనే అక్కర్లేదు. చల్లటి పెనంలోనే వేసి సన్న సెగ పెడితే ఒకటి రెండు నిమిషాల్లో అంచుల నుంచి ఎర్రటి నూనె ఊరుతూ విచ్చుకుంటుంది. అలా విచ్చుకున్న వెంటనే తడి ఏదో ఒకటి పడాలి, టమాటా గానీ పాస్తా ఉడికించిన నీళ్లు గానీ.

ఇద్దరికి పాస్తా అయితే 40 గ్రాములు చాలు. ముందు ఉల్లిపాయ కొంచెం ఆలివ్ నూనెలో మెత్తబడనిచ్చి, సెగ తగ్గించి ఎన్‌డూయా వేసి చెంచాతో చిదపండి, కరిగాక టమాటా గుజ్జు పోసి పది నిమిషాలు ఉడకనివ్వండి. ఉప్పు అప్పుడే వేయకండి, అందులో ఇప్పటికే బోలెడుంది, చివర్లో రుచి చూసి చాలకపోతేనే వేయండి. కలాబ్రియాలో ఫిలేయా అనే మెలితిప్పిన పాస్తాతో తింటారు, దాని మడతల్లో సాస్ బాగా పట్టుకుంటుంది. అది దొరక్కపోతే గరుగ్గా ఉండే ఏ పాస్తా అయినా పర్లేదు. పిజ్జా మీదకైతే గోళీలంత ఉండలు అక్కడక్కడా పెట్టండి చాలు, ఓవెన్లో అవే కరిగి పాకుతాయి. గిలక్కొట్టిన గుడ్లలో అర చెంచా కలిపితే మాత్రం... నాకైతే పాస్తా కంటే అదే ఇష్టం.

కోశాక మిగిలినదాన్ని ఫ్రిజ్‌లో పెట్టాలి. గాలి తగిలితే పైపొర ఎండి నల్లబడుతుంది కాబట్టి కోసిన వైపు ఆలివ్ నూనె రాయండి, లేదా ప్లాస్టిక్ ఫిల్మ్‌తో గట్టిగా చుట్టండి. సీసా అయితే ప్రతిసారీ శుభ్రమైన పొడి చెంచానే వాడండి. ఇంకో మాట, ఎన్‌డూయా ఉడికించిన మాంసం కాదు, పచ్చి మాంసాన్నే ఉప్పుతో మాగబెట్టింది. కాబట్టి గర్భిణులు రొట్టె మీద పూసుకోవడం మానేసి, తినాలనిపిస్తే బాగా ఉడికిన వంటలోనే తినాలి. ఇంట్లో తయారుచేద్దామనే ఉబలాటం కూడా వద్దు, ఉప్పు కొలతో మాగబెట్టేచోటి చల్లదనమో తేడా వస్తే విషమయ్యే వ్యవహారం.

పేగుని తినరు, చివరికొచ్చాక నిలువుగా చీల్చి లోపల అంటుకున్నది చెంచాతో గీకేయండి, ఒక్క గుడ్డుకి సరిపడా అక్కడే దొరుకుతుంది.