కార్తీక స్నానానికి బందరు వస్తున్నారా? ముందు సముద్రం సంగతి చూసుకోండి

కార్తీకం వస్తే మా బందరు (మచిలీపట్నం) దారులన్నీ మంగినపూడి బీచ్ వైపే. ఆ సందడంటే నాకు ప్రాణం. కానీ ఏటా ఒక టెన్షన్ కూడా ఉంటుంది. మనకు పుణ్యకాలమైన అక్టోబరు, నవంబరు నెలలే బంగాళాఖాతానికి తుపాన్ల కాలం. 1864 నవంబరు 1 రాత్రి వచ్చిన ఉప్పెనకు ఇక్కడ సుమారు 30 వేల మంది చనిపోయారు. దివిసీమను ముంచిన 1977 ఉప్పెన కూడా నవంబరు 19నే వచ్చింది.

అందుకే బయల్దేరే ముందురోజు రాత్రి, మళ్లీ తెల్లవారుజామున వాతావరణ శాఖ హెచ్చరిక చూడండి. 'మచిలీపట్నం రేవులో ఒకటో నంబరు ప్రమాద హెచ్చరిక' అని వార్తల్లో వింటుంటాం కదా, ఆ నంబర్లకు అర్థం ఉంది. ఒకటి, రెండు అంటే గండం ఇంకా దూరంగా సముద్రంలో ఉందని. మూడు, నాలుగు అంటే ఈదురుగాలుల ముప్పు ఈ రేవుకే ఉందని. అయిదు నుంచి పది దాకా తుపాను ప్రమాద హెచ్చరికలు. పదకొండు ఎగరేశారంటే హెచ్చరిక కేంద్రంతో సంబంధాలే తెగిపోయాయని. నన్నడిగితే మూడు వినగానే ప్రయాణం మానుకోండి. ఒకటో నంబరున్నా నీళ్లలో దిగొద్దు. ఇక్కడ ఎండ కాస్తున్నా, ఎక్కడో లేచిన గాలికి అలలు ఒడ్డు దాకా వస్తాయి.

మంగినపూడిలో లోతు తక్కువని అందరూ ధైర్యంగా దిగుతారు. నిజమే, కానీ కాలి కింద ఉండేది నల్ల బురద. పాదం కూరుకుపోయిన క్షణంలోనే అల కొడితే పెద్దవాళ్లయినా పడిపోతారు. పైగా పౌర్ణమికి పోటు ఎక్కువ. మోకాళ్ల లోతులో మూడు మునకలు చాలు. చీర కుచ్చిళ్లు ఎగదోపుకోండి, తడిసిన గుడ్డ కాళ్లకు చుట్టుకుంటుంది. సముద్రానికి వీపు పెట్టి ఫొటోలు దిగొద్దు. పిల్లల చెయ్యి కాదు, మణికట్టు పట్టుకోండి, తడి చెయ్యి జారిపోతుంది. నీళ్లు లోపలికి లాగితే ఒడ్డుకు ఎదురీదకండి. వెల్లకిలా తేలుతూ చెయ్యెత్తి పిలవండి, ఈత వస్తే ఒడ్డు వెంబడే పక్కకు ఈది బయటపడండి.

హంసలదీవిలో వేణుగోపాలస్వామి దర్శనం చేసుకుని సాగర సంగమం దాకా వెళ్లేవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. కృష్ణ సముద్రంలో కలిసేచోట నది లాగుడు, పోటు రెండూ ఉంటాయి. ఎంత ఈత వచ్చినవాళ్లయినా అక్కడ దిగొద్దు. వెళ్లేముందు పోటు వేళ ఎప్పుడో స్థానిక జాలర్లను అడగండి. వాళ్లు వద్దంటే వెనక్కి తిరిగి రండి.

ఊళ్లో చూసేవాటికి ఇంత భయం లేదు. చిలకలపూడి పాండురంగస్వామి గుడిలో పౌర్ణమి రద్దీకి ముసలివాళ్లను, పసిపిల్లలను తీసుకెళ్లకండి, మర్నాడైతే హాయిగా దర్శనమవుతుంది. డచ్చివాళ్ల కాలం నాటి బందరు కోటలో వానలకు పిచ్చిమొక్కలు పెరిగి ఉంటాయి. బూట్లు వేసుకోండి, తడిసిన పాత గోడల కింద నిలబడకండి. పెడనలో కలంకారీ బట్టలు కొంటే ప్లాస్టిక్ సంచిలో కట్టించుకోండి, దారిలో వాన తప్పదు.

స్నానం పొద్దున్నే ముగించి, ఊరు మధ్యాహ్నం చూడండి. చీకటి పడ్డాక బీచ్‌కు వద్దు. ఫోన్‌లో 112 (అత్యవసర సాయం), 1070 (విపత్తుల కంట్రోల్ రూమ్) నంబర్లు ఉంచుకోండి. పోలీసులు తాడు కడితే అది దాటొద్దు, మీ వెనకాలే ఇంకో పిల్లాడు దాటుతాడు.