వైఫై ఉంది, నెట్ రావట్లేదు: ఎక్కడ ఆగిందో పెట్టె మీద లైట్లు చూసి తెలుసుకోవడం ఎలా

ఫోన్‌లో వైఫై గుర్తు నిండుగా ఉంటుంది. దాని కిందే "కనెక్టెడ్, నో ఇంటర్నెట్" అని కనిపిస్తుంది. చాలామంది వెంటనే వైఫై పాస్‌వర్డ్ మార్చడమో, పెట్టె వెనక సన్న బొక్కలో పిన్ను గుచ్చడమో మొదలుపెడతారు. రెండూ వద్దు. వైఫై అంటే మీ ఫోనుకీ ఇంట్లో పెట్టెకీ మధ్య ఉన్న లింకు మాత్రమే. ఆ పెట్టెలోకి నెట్ బయట నుంచి రావాలి. చేలోకి నీరు ఎక్కకపోతే ముందు బోదె చూస్తాం, తర్వాత తూము, ఆపైన కాలవ. ఇక్కడా అదే వరస: ఫోను, పెట్టె, బయట తీగ, ఆపరేటర్.

కాబట్టి మొదట ఇంట్లో ఇంకో ఫోన్ తీసుకుని చూడండి. ఒక్క ఫోన్‌లోనే రాకపోతే తప్పు ఆ ఫోన్‌దే, దాని సంగతి కింద రాశాను. అన్నింట్లోనూ రాకపోతే పెట్టె దగ్గరికి వెళ్ళి లైట్లు చూడండి. అమలాపురం, పాలకొల్లు, మండపేట లాంటి ఊళ్ళలోనే కాదు, లంక గ్రామాల్లో కూడా ఇప్పుడు ఎక్కువగా వచ్చేది ఫైబరే, అంటే సన్న గాజు పోగులో కాంతిగా నెట్ మోసుకొచ్చే తీగ. అందుకే ఇక్కడ చెప్పేదంతా ఫైబర్ పెట్టెను దృష్టిలో పెట్టుకునే. కొందరికి ఒకటే పెట్టె ఉంటుంది, వైఫై అందులోనే వస్తుంది. కొందరికి ఫైబర్ దిగే చిన్న పెట్టె వేరు, వైఫై రౌటర్ వేరు. మీ ఇంట్లో ఏది ఉందో ముందే తెలుసుకుని ఉంచుకుంటే సగం గందరగోళం తగ్గుతుంది.

ఎల్ఓఎస్ లైటు ఎర్రగా వెలుగుతోంది, లేదా ఎర్రగా కొట్టుకుంటోంది

మన ప్రాంతంలో నెట్ ఆగిందంటే ముందు అనుమానించాల్సింది దీన్నే. పెట్టె మీద దీని దగ్గర LOS అని రాసి ఉంటుంది. అన్నీ బాగున్నప్పుడు ఈ లైటు అసలు వెలగదు. ఎర్రగా వచ్చిందంటే ఫైబర్‌లో రావాల్సిన కాంతి మీ పెట్టెకి చేరడం లేదని అర్థం. ఇక రౌటర్ సెట్టింగులు ఎన్ని మార్చినా ఉపయోగం లేదు.

కారణం చాలాసార్లు వీధిలోనే ఉంటుంది. స్తంభం నుంచి ఇంటికి దిగే నల్లటి తీగ కొబ్బరి చెట్ల మధ్య నుంచే వస్తుంది. గాలి వేస్తే మట్ట పడుతుంది. దింపు తీసేటప్పుడు గెల వచ్చి తీగ మీద పడుతుంది. కోతల రోజుల్లో గడ్డి లోడు ఎత్తుగా వేసుకుని ట్రాక్టర్ సందులోకి వస్తే, కిందికి వేలాడుతున్న తీగ దానికి చుట్టుకుంటుంది. చెట్టుకు ఆనించి లాగిన తీగనైతే ఉడతలు కొరుకుతాయి. ఒక్కసారి బయటికి వచ్చి స్తంభం నుంచి మీ గోడ దాకా తీగ వెంట చూపు నడిపించండి. తెగినా, వేలాడుతున్నా, దాని మీద మట్ట ఉన్నా కింద నుంచే కనిపిస్తుంది. కర్రతో తీయబోకండి. మన ఊళ్ళలో ఫైబర్ చాలాచోట్ల కరెంటు స్తంభాల మీదే నడుస్తుంది. 2017 డిసెంబరులో మొదలైన రాష్ట్ర ప్రభుత్వ ఫైబర్ గ్రిడ్ కూడా ఆ స్తంభాల మీదుగానే ఊళ్ళలోకి వచ్చింది. ఫైబర్ గాజే అయినా, తీగ బరువు ఆపడానికి చాలావాటిలో ఉక్కు తీగ పెడతారు. అది కరెంటు తీగకు తగిలి ఉంటే ప్రమాదం.

బయట బాగానే ఉంటే ఇంట్లో చూడండి. టీవీ స్టాండు గోడకి నెట్టినప్పుడు వెనక తీగ మడత పడిందా? కిటికీ రెక్క కింద నలిగిందా? మిగిలిన తీగను చిన్న చుట్టగా చుట్టి దారంతో బిగించి కట్టారా? ఫైబర్ ఎక్కడ గట్టిగా వంగితే అక్కడ కాంతి బయటికి పోతుంది. చుట్ట వెడల్పు కనీసం ఆరేడు సెంటీమీటర్లు ఉండేలా వదులుగా వదిలేయండి. మడత విప్పగానే ఎర్ర లైటు ఆరిపోతే సమస్య అక్కడే తీరింది.

తర్వాత పెట్టెలోకి దిగే ప్లగ్గు. ఎక్కువగా ఆకుపచ్చ రంగులో, చదరంగా ఉంటుంది. పెట్టె స్విచ్ ఆపి, ప్లగ్గు ప్లాస్టిక్ భాగం పట్టుకుని నేరుగా బయటికి లాగండి, మళ్ళీ "టిక్" అని వినిపించేదాకా నెట్టండి. కొన్నిసార్లు పని ఇంతే. కానీ ఆ ప్లగ్గు చివర తెల్లటి మొనను వేలితో ముట్టుకోకండి, నోటితో ఊదకండి. కాంతి ప్రయాణించే దారి అక్కడ వెంట్రుక కంటే ఎన్నో రెట్లు సన్నం, ఇంచుమించు 9 మైక్రాన్లు. వేలి జిడ్డు అంటినా, ఊపిరి తేమ పట్టినా దారి మూసుకుపోవడానికి అది చాలు. ఆ మొనలోకి కన్ను పెట్టి చూడటం కూడా వద్దు. అందులో వచ్చే కాంతి కంటికి కనిపించదు, కనిపించదు కాబట్టి లేదనుకోకూడదు.

తీగ తెగితే మాత్రం మీరు అతికించలేరు. పాత కేబుల్ టీవీ తీగలా మెలిపెట్టి టేపు చుడితే ఫైబర్ పనిచేయదు. రెండు గాజు పోగుల్ని ఎదురెదురుగా పెట్టి మిషన్‌లో కరిగించి అతకాలి, దాన్నే స్ప్లైసింగ్ అంటారు. మీరు తెగిన చోట టేపు చుట్టి దాచేస్తే, వచ్చినవాడికి వెతకడం ఇంకా కష్టమవుతుంది.

ఇంకో రకం ఉంది: మామూలు రోజుల్లో బాగానే ఉండి, గాలి వేసినప్పుడు మాత్రమే ఎర్ర లైటు వచ్చి పోతూ ఉంటుంది. అప్పుడు తీగ పూర్తిగా తెగలేదు, ఎక్కడో అతుకు వదులైంది, లేదా ఊగినప్పుడల్లా ఒకచోట నలుగుతోంది. ఇది చెప్పకపోతే, ఎండ కాసిన రోజు వచ్చి చూసిన మనిషికి ఏ లోపమూ కనిపించదు. "గాలి వేస్తేనే పోతోంది" అని నోరు తెరిచి చెప్పండి.

లైట్లు అసలు లేవు, లేదా పెట్టె తనంతట తానే ఆగి మళ్ళీ మొదలవుతోంది

దీనికి ఎక్కువగా కరెంటే కారణం. పెట్టె పాడైందని కొత్తది కొనేముందు అడాప్టర్ మార్చి చూడండి. లో ఓల్టేజీ, హెచ్చుతగ్గులు, తరచూ కరెంటు పోయి రావడం వల్ల ముందు దెబ్బతినేది అదే. అడాప్టర్ సగం పాడైతే లైట్లు వెలుగుతాయి, నాలుగైదు ఫోన్లు కనెక్ట్ అయ్యి లోడు పెరగ్గానే పెట్టె ఆగి మళ్ళీ మొదలవుతుంది. కొత్తది తెచ్చేటప్పుడు పాతదాని మీద రాసిన ఓల్టులు సరిగ్గా అంతే ఉండాలి, ఆంపియర్లు అంతే గానీ ఎక్కువ గానీ ఉండొచ్చు. 12 ఓల్టుల పెట్టెకి 9 ఓల్టులది పెట్టకండి, 9 ఓల్టుల దానికి 12ది అసలే పెట్టకండి.

కరెంటు పోయి వచ్చాక పెట్టె పూర్తిగా లేవడానికి ఐదు నిమిషాలు ఇవ్వండి. ఈలోపు నెట్ రావట్లేదని స్విచ్ ఆపి వేస్తూ ఉంటే అది ప్రతిసారీ మొదటి నుంచి మొదలుపెడుతుంది. ఒక్కసారే ఆపి, నిమిషం ఆగి, వేసి వదిలేయండి.

మీ ఇంట్లో ఇన్వర్టర్ ఉంది, పెట్టె వెలుగుతోంది, అయినా కరెంటు పోగానే ఎల్ఓఎస్ ఎర్రబడుతోందా? అయితే మీ తీగకు ఏమీ కాలేదు. వీధిలో కాంతిని పంచే స్ప్లిట్టర్లకి కరెంటు అక్కర్లేదు గానీ, ఆపరేటర్ గదిలో కాంతి పంపే పెద్ద పెట్టెకి కావాలి. అక్కడ బ్యాటరీ బలహీనపడితే ఊరంతటికీ ఒకేసారి పోతుంది. పక్కింటివాళ్ళని అడిగితే తేలిపోతుంది. అందరూ కలిసి అడిగితేనే ఆపరేటర్ బ్యాటరీలు మారుస్తాడు, ఒక్కరు అడిగితే కదలదు.

ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం ఉరుములు మొదలవగానే అడాప్టర్ పీకేయండి. ఫైబర్ గాజు కాబట్టి పిడుగు రాదని ధీమాగా ఉండేవాళ్ళున్నారు. పిడుగు దెబ్బ ప్లగ్గు బోర్డు నుంచి వస్తుంది, పెట్టె నుంచి టీవీకో కెమెరాకో లాగిన రాగి ల్యాన్ తీగ నుంచి కూడా వస్తుంది. ఆ తీగను కూడా తీసేయండి. పిడుగుల తర్వాత పెట్టె వెలుగుతున్నా ల్యాన్ తీగ పెట్టిన పోర్టు దగ్గర లైటు రాకపోతే ఆ పోర్టు పోయినట్టే, పక్క పోర్టులో పెట్టి చూడండి.

ఎల్ఓఎస్ ఆరి ఉంది, పాన్ లైటు మాత్రం కొట్టుకుంటూనే ఉంది

పాన్ అంటే పెట్టె మీద PON అని రాసి ఉన్న లైటు. అది కొట్టుకుంటుంటే కాంతి వస్తోంది కానీ ఆపరేటర్ సిస్టమ్ మీ పెట్టెను గుర్తుపట్టడం లేదు. కాంతి మరీ బలహీనంగా వచ్చినా ఇలాగే జరుగుతుంది. ప్లగ్గు తీసి పెట్టి, పెట్టెను ఒకసారి ఆపి వేసినా ఇలాగే ఉంటే ఆపరేటర్‌కి చెప్పడమే. మీరు చేయగలిగింది ఇంకేమీ లేదు.

పాన్ నిలకడగా ఉంది, ఇంటర్నెట్ లైటు రావట్లేదు

తీగ బాగుంది. ముందు చూడాల్సింది ప్లాన్ గడువు. నెల డబ్బులు చేతికి ఇచ్చేశాం కదా అనుకుంటాం, ఆపరేటర్ సిస్టమ్‌లో ఎక్కించడం మరిచిపోయి ఉండొచ్చు. ఎక్కించాక పెట్టెను ఒకసారి ఆపి వేయండి.

డబ్బు బాగానే ఉంటే యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ సంగతి. చాలా కనెక్షన్లలో పెట్టె లోపల ఈ రెండూ ఎక్కించి ఉంటాయి, వైఫై పాస్‌వర్డ్‌కీ వీటికీ సంబంధం లేదు. వెనక ఉన్న రీసెట్ బొక్కలో పిన్ను గుచ్చితే పోయేవి ఇవే. అరగంటలో సర్దుకునే సమస్య, రీసెట్ కొట్టాక మనిషి ఇంటికి వచ్చేదాకా ఆగాల్సిన సమస్య అవుతుంది. వివరాలు కాగితం మీద రాసుకుని ఉన్నవాళ్ళు తప్ప ఎవరూ ఆ బొక్క జోలికి పోకండి. కంప్యూటర్‌లో 691 అనే ఎర్రర్ నంబరు వస్తే యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ తప్పు, లేదా గడువు తీరింది అని అర్థం.

కొత్త రౌటర్ కొని పెట్టిన రోజే నెట్ పోయిందా? కొందరు ఆపరేటర్లు కనెక్షన్‌ని పాత రౌటర్ మ్యాక్ నంబరుకి, అంటే ఆ రౌటర్ గుర్తింపు నంబరుకి, కట్టేసి ఉంచుతారు. కొత్త రౌటర్ కింద స్టిక్కర్ మీద ఉన్న మ్యాక్ నంబరు ఫోన్‌లో చదివి చెబితే వాళ్ళు మార్చేస్తారు.

రెండు పెట్టెలున్న ఇళ్ళు

మేడ మీదికో, రొయ్యల చెరువు గట్టు మీద షెడ్డులో కెమెరాలకో రెండో రౌటర్ పెట్టుకున్నవాళ్ళకి వచ్చే చిక్కు ఇది. మొదటి పెట్టె అడ్రసు చాలాచోట్ల 192.168.1.1. కొత్తగా కొన్న రౌటర్ అడ్రసు కూడా అదే అయ్యి ఉండొచ్చు. ఒకే అడ్రసు ఇద్దరికీ ఉంటే ఏది ఎటు పంపాలో రౌటర్‌కి తేలదు. వైఫై కనిపిస్తుంది, నెట్ రాదు. మొదటి పెట్టె నుంచి తీగ పీకేసి, రెండోదాని సెట్టింగుల్లోకి వెళ్ళి అడ్రసు 192.168.2.1గా మార్చండి, తర్వాత తీగను దాని వ్యాన్ (WAN) పోర్టులో, అంటే బయట నుంచి నెట్ తీసుకునే పోర్టులో పెట్టండి. ఆ పోర్టు మిగతా వాటికి కాస్త దూరంగా, వేరే రంగులో ఉంటుంది. రెండో రౌటర్ వైఫై మాత్రమే పంచే యాక్సెస్ పాయింట్ అనే మోడ్ ఉంటే అది పెట్టుకోవడం ఇంకా సుఖం.

లైట్లన్నీ ఒక్కసారిగా పిచ్చిపట్టినట్టు కొట్టుకుంటూ నెట్ మొత్తం ఆగిపోతే, ఒకే తీగ రెండు కొసలూ ఒకే పెట్టెలో పెట్టారేమో చూడండి. ఇల్లు ఊడ్చేటప్పుడు ఖాళీగా వేలాడుతున్న కొసను ఎవరో మంచికే గుచ్చేస్తారు. తీసేస్తే నిమిషంలో సర్దుకుంటుంది.

ఒక్క ఫోన్‌లోనే రావట్లేదు

తేదీ, టైము సరిగ్గా ఉన్నాయా చూడండి, తప్పుంటే చాలా సైట్లు తెరుచుకోవు. వీపీఎన్ యాప్ ఉంటే ఆపండి. డీఎన్ఎస్ అంటే సైటు పేరు చెబితే దాని అడ్రసు వెతికిపెట్టేది; ఫోన్ సెట్టింగుల్లో ప్రైవేట్ డీఎన్ఎస్‌లో ఏదైనా పేరు రాసి ఉంటే ఆటోమేటిక్‌కి మార్చండి. ఆ వైఫైని "ఫర్గెట్" కొట్టి మళ్ళీ పాస్‌వర్డ్ ఇవ్వండి. వాట్సాప్ వస్తూ సైట్లు మాత్రం తెరుచుకోకపోతే అది చాలాసార్లు డీఎన్ఎస్ లోపమే. అన్ని ఫోన్లలోనూ అలాగే ఉంటే రౌటర్ సెట్టింగుల్లో డీఎన్ఎస్ దగ్గర 8.8.8.8, రెండోదిగా 1.1.1.1 రాయండి.

తుఫాను తర్వాత

2018 డిసెంబరు 17న పెథాయ్ కాట్రేనికోన దగ్గర తీరం దాటింది. అలాంటి గాలి వచ్చి వెళ్ళాక పని ఒక వరసలో జరుగుతుంది: స్తంభాలు నిలబెట్టాలి, కరెంటు రావాలి, ఊరికి వచ్చే పెద్ద ఫైబర్ అతకాలి, ఆఖరున ఇంటి తీగ. అన్నిటికంటే ముందు మీ ఇంటికి రమ్మంటే ఆపరేటర్ ఏమీ చేయలేడు. గల్ఫ్‌లో ఉన్న మనవాళ్ళకి "క్షేమం" అని చెప్పాలన్న ఆత్రం ఎవరికైనా ఉంటుంది, దానికి మొబైల్ డేటా కొంత దాచి ఉంచుకోండి. నేల మీద పడిన తీగ ఏదైనా సరే, పిల్లల్ని దగ్గరికి పోనివ్వకండి.

ఆపరేటర్‌కి ఏం చెప్పాలి

"నెట్ రావట్లేదు" అంటే అతనికి ఏమీ తెలియదు. ఇలా చెప్పండి: "తమ్ముడూ, ఎల్ఓఎస్ ఎర్రగా ఉందండి, పొద్దున్న గాలి వేసినప్పటి నుంచి. పక్కింట్లో వస్తోంది. ప్లగ్గు తీసి పెట్టి చూశాను." పక్కింట్లో వస్తోందన్న ఒక్క ముక్కతో, లోపం మీ ఇంటి తీగలోనే ఉందని అతనికి అర్థమైపోతుంది. "ఆయ్, మిషన్ తీసుకుని వత్తానండి" అంటాడు, ఉత్త చేతులతో వచ్చి మళ్ళీ వెళ్ళే పని తప్పుతుంది.

అతుకు వేశాక వెళ్ళేముందు రీడింగ్ ఎంత వచ్చిందో అడగండి; పెట్టెకి చేరే కాంతి ఎంత బలంగా ఉందో డీబీఎంలలో చెప్పే అంకె అది. మైనస్ 18, మైనస్ 20 అంటే బాగుంది. మైనస్ 25 అంటే ఇప్పటికి నడుస్తుంది గానీ వచ్చే వానల్లో నమ్మకం లేదు. మైనస్ 27 దాటితే నిలవదు, ఇంకోసారి అతకమనండి. ఆ అంకెనూ, తేదీనీ పెట్టె వెనక స్టిక్కర్ పక్కన పెన్నుతో రాసి ఉంచుకుంటే, మళ్ళీ ఎప్పుడైనా నెట్ తేడా చేసినప్పుడు కొత్త రీడింగ్‌ను దానితో పోల్చుకోవచ్చు.