అడగకుండా తీసిన వీడియోలో మీరు కనిపిస్తే

నలుగురూ తిరిగే చోటికి వచ్చిన మనిషి నలుగురి కంటా పడడానికి ఒప్పుకున్నట్టే లెక్క. అంతమాత్రాన తనను ఎవరైనా వీడియో తీసి, దాచుకొని, లక్షల మందికి చూపించడానికి కూడా ఒప్పుకున్నట్టు కాదు. చూడడం, తీయడం, దాచుకోవడం, పంచడం అనేవి నాలుగు వేర్వేరు పనులు. దారిన పోయేవారి చూపు క్షణంలో మళ్లిపోతుంది, మర్నాటికి ఆ ముఖం వారికి గుర్తుండదు. వీడియోను మాత్రం ఆపి చూడవచ్చు, పెద్దది చేసి చూడవచ్చు, దాని మీద ఎగతాళి మాట ఒకటి తగిలించవచ్చు, అందులోని ముఖాన్ని బట్టి పేరు కూడా వెతకవచ్చు. అందుచేత తెలియకుండా తీసిన వీడియో గురించి ఏం చేయాలన్నా, ఆ నాలుగింటిలో ఎంతవరకు జరిగిందో ముందు తేల్చుకోవాలి. ఇంకా ఫోనులోనే ఉన్న వీడియోకు చేయవలసిన పని వేరు, లోకం మీద పడిన వీడియోకు చేయవలసిన పని వేరు.

చట్టం ఎంతవరకు తోడు వస్తుంది

"బయటికి వచ్చాక గోప్యత ఏమిటి?" అనే మాటను చాలామంది చట్టమే చెప్పినట్టుగా అంటారు. అందులో సగమే నిజం. చేతిలో పట్టుకొని తీయగల కొడాక్ కెమెరా 1888లో అమ్మకానికి వచ్చింది. ఆ తర్వాత రెండేళ్లకే, 1890లో, శామ్యూల్ వారెన్, లూయీ బ్రాండైస్ అనే అమెరికన్ న్యాయవాదులు హార్వర్డ్ లా రివ్యూలో ఒక వ్యాసం రాశారు. ఫొటో కావాలంటే మనిషి స్వయంగా వచ్చి కెమెరా ముందు కూర్చోవలసిన రోజుల్లో ఫొటోగ్రాఫరుతో కుదిరిన ఒప్పందమే రక్షణగా సరిపోయేదని, మనిషికి తెలియకుండానే బొమ్మ తీయగలుగుతున్నాక అది చాలదని అందులో వాదించారు. జర్మనీలో 1898లో ఆ దేశపు మొదటి ఛాన్సలర్ బిస్మార్క్ చనిపోయిన రాత్రి ఇద్దరు ఫొటోగ్రాఫర్లు ఆ గదిలోకి చొరబడి భౌతికకాయాన్ని ఫొటో తీశారు. ఆ గొడవ నేపథ్యంలో 1907లో వచ్చిన చట్టం, కొన్ని మినహాయింపులతో, మనిషి బొమ్మను అతని అనుమతి లేకుండా పంచకూడదని నిర్దేశించింది. కెనడా సుప్రీంకోర్టు 1998లో, ఒక భవనం మెట్ల మీద కూర్చున్న అమ్మాయి ఫొటోను ఆమెను అడగకుండా పత్రికలో వేయడం అక్కడి క్యుబెక్ రాష్ట్ర చట్టం ప్రకారం తప్పేనని తీర్పు చెప్పింది. ఆమె కూర్చున్నది అందరికీ కనిపించే చోటే అయినా తీర్పు ఆమె వైపే వచ్చింది.

అమెరికాలో మాత్రం బహిరంగ స్థలం నుంచి కంటికి కనిపించేదాన్ని తీయడం సాధారణంగా నేరం కాదు. బట్టల కిందికి కెమెరా పెట్టడం, బట్టలు మార్చుకునే చోట తీయడం వంటివి మాత్రం చాలా దేశాల్లో నేరాలే. ఇంగ్లండ్, వేల్స్‌లలో బట్టల కింద తీయడాన్ని 2019లో ప్రత్యేక నేరంగా చేర్చారు. భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్‌లో గమనించదగిన వివరణ ఒకటి ఉంది: ఏకాంతంలో ఉన్న స్త్రీ తనను తీయడానికి ఒప్పుకున్నా, ఇతరులకు చూపించడానికి ఒప్పుకోకపోతే, చూపించడం నేరమే అవుతుంది. తీయడానికి ఇచ్చిన అనుమతి పంచడానికి చెల్లదని చట్టమే అంత స్పష్టంగా చెప్పిన చోట్లు ఎక్కువ ఉండవు. మీరు ఉన్న దేశంలో మీ వీడియో ఏ కోవలోకి వస్తుందో, అంటే నేరమా, పరిహారం కోరదగిన తప్పా, మర్యాద తప్పడం మాత్రమేనా అన్నది, మొదటి ఫిర్యాదు రాయకముందే కనుక్కోవాలి. మర్యాద తప్పడం మాత్రమే అయినా మీ చేతిలో ఉపాయాలు లేకపోలేదు.

ఆ క్షణంలో

ఫోనులో ఏదో చదువుకుంటున్న మనిషి దాన్ని ఒడి వైపు వాల్చి పట్టుకుంటాడు. బొటనవేలు తెర మీద కదులుతూ ఉంటుంది. రహస్యంగా తీస్తున్నవాడి ఫోను ఛాతీ ఎత్తున నిటారుగా నిలిచిపోతుంది, వేలు కదలదు, మీరు సీటు మారితే ఆ ఫోను కూడా కొంచెం తిరుగుతుంది. రైలు సొరంగంలోకి వెళ్లినప్పుడు అతని వెనుక కిటికీ అద్దంలో ఆ తెర, తెర మీద మీరు, స్పష్టంగా కనిపించడం కూడా కద్దు. కెమెరా ఉన్న కళ్లద్దాలతో చిక్కు ఎక్కువ. రికార్డు అవుతున్నప్పుడు ఫ్రేము మీద చిన్న దీపం వెలిగేలా కంపెనీలు వాటిని తయారుచేస్తాయి గానీ, పట్టపగటి ఎండలో అది కంటికి ఆనదు, పైగా దాన్ని పనిచేయకుండా చేసేవారూ ఉన్నారు. కనుక దీపం వెలగనంత మాత్రాన తీయడం లేదని అనుకోకూడదు. ఫోను నిటారుగా ఉన్నంత మాత్రాన తీస్తున్నారనీ అనుకోకూడదు, ఎందుకంటే వీడియో కాల్ మాట్లాడే మనిషి ఫోనూ అలాగే ఉంటుంది.

అనుమానం వచ్చినప్పుడు ప్రశ్నగా అడగడమే మేలు: "అండీ, మీ కెమెరా నా వైపు ఉన్నట్టుంది. నన్ను వీడియో తీస్తున్నారా? తీసి ఉంటే నాకు ఇష్టం లేదు, దయచేసి చెరిపేయండి." పక్కన ఉన్న మరొకరికి కూడా వినిపించేలా, కేకలు వేయకుండా అంటే చాలు. తీయనివారికి ఇందులో అవమానం ఉండదు. తీస్తున్నవారికి మాత్రం తాము కనిపెట్టబడ్డామని తెలుస్తుంది, చాలా సందర్భాల్లో వ్యవహారం అక్కడితో ఆగుతుంది. ఫోను మాత్రం లాక్కోకూడదు. లాక్కున్న మరుక్షణం దౌర్జన్యం చేసింది మీరవుతారు, ఫిర్యాదు మీ మీదికి తిరుగుతుంది, అంతకంటే ఘోరంగా ఆ పెనుగులాటే మరొకరి ఫోనులో కొత్త వీడియో అవుతుంది. అవతలి వ్యక్తి బెదిరిస్తున్నా, ఒంటరి చోటైనా అడగడం కూడా మానుకొని, మనుషులున్న చోటికి వెళ్లి అక్కడి సిబ్బందికి చెప్పాలి.

చెరిపేయించే ముందు ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి. తీసింది మామూలు వీడియో అయితే చెరిపేయమని అడగవచ్చు. అప్పుడు కూడా గ్యాలరీలోంచి తీసేసినంత మాత్రాన అది పోదు. ఐఫోనులో చెరిపేసిన వీడియో దాదాపు 30 రోజులు మరో ఆల్బమ్‌లో ఉంటుంది, గూగుల్ ఫొటోస్‌లోకి బ్యాకప్ అయినదైతే చెత్తబుట్టలో 60 రోజులు ఉంటుంది, ఆ గడువులోగా దాన్ని ఎప్పుడైనా వెనక్కి తెచ్చుకోవచ్చు. అందుకే అక్కడి నుంచి కూడా తీసేయమని మర్యాదగా అడగాలి. తీసింది బట్టల కిందిదో, బట్టలు మార్చుకునే గదిలోదో అయితే మాత్రం చెరిపేయమని అడగకూడదు, ఎందుకంటే నేరానికి ఉన్న అసలు ఆధారం ఆ ఫోనులోనే ఉంటుంది. కోపంలో, సిగ్గులో మనకు ముందు తోచేది "తీసేయ్" అనే మాటే కనుక ఈ తేడాను ముందే గుర్తుపెట్టుకోవాలి. అలాంటప్పుడు సమయం, స్థలం, మనిషి ఆనవాళ్లు, చూసినవారి ఫోన్ నంబర్లు రాసుకొని పోలీసులను పిలవాలి. చెరిపించడమా, ఆధారం కాపాడడమా అన్నది వాళ్ల సలహా మీద తేల్చుకోవచ్చు.

పక్కన కూర్చొని ఇదంతా గమనించినవారు చేయగల సాయం చిన్నదే గానీ విలువైనది. నిద్రపోతున్న మనిషిని ఎవరో తీస్తుంటే ఆ కెమెరాకూ మనిషికీ మధ్య వచ్చి నిలబడితే చాలు. ఆ తర్వాత జరిగింది ఆ మనిషికి చెప్పి, సాక్ష్యం కావాలంటే ఇస్తానని మీ నంబరు ఇవ్వాలి. ఏం చేయాలన్నది మాత్రం ఆ మనిషికే వదలాలి.

వీడియో బయటికి వచ్చేశాక

స్నేహితులెవరో "ఇది నువ్వే కదా?" అంటూ లింకు పంపినప్పుడు చాలామంది ముందుగా చేసే పని ఆ వీడియో కింద తిట్టడం. అది మానుకోవాలి. ప్రతి వ్యాఖ్యా ఆ వీడియోను మరికొందరి తెర మీదికి నెడుతుంది. అమెరికన్ గాయని, నటి బార్బ్రా స్ట్రయిసాండ్ 2003లో కాలిఫోర్నియా తీరం ఫొటోల్లో తన ఇల్లు పడిందని దావా వేసింది. దావాకు ముందు ఆ ఫొటోను డౌన్‌లోడ్ చేసుకున్నది 6 సార్లు మాత్రమే, అందులో 2 సార్లు ఆమె వకీళ్లే. దావా వార్త పాకాక ఒక్క నెలలో 4,20,000 మందికి పైగా ఆ సైటుకు వచ్చారు. గొడవ చేయకూడదని దీని అర్థం కాదు, గొడవను నిశ్శబ్దంగా, సరైన గుమ్మం దగ్గర చేయాలని అర్థం.

మొదట ఆధారాలు పోగుచేయాలి. వీడియో లింకు, పెట్టిన ఖాతా లింకు, దాని మీది రాత, తేదీ, ఎంతమంది చూశారన్నది, మీ పేరో ఊరో బయటపెట్టిన వ్యాఖ్యలు, ఇవన్నీ కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీసి, మొత్తం వీడియోను స్క్రీన్ రికార్డు చేసి ఉంచుకోవాలి. ఖాతాదారు పేరు మార్చేయవచ్చు కనుక పేరొక్కటే రాసుకుంటే చాలదు. మీకు సంబంధించినదే అయినా ఆ వీడియోను సలహా కోసమని పదిమందికి పంపకండి. అది కూడా పంచడమే.

తర్వాత ఫిర్యాదు. ప్లాట్‌ఫామ్‌లో ఫిర్యాదు బటన్ నొక్కగానే వచ్చే జాబితాలో "నాకు నచ్చలేదు" వంటిదాన్ని ఎంచుకుంటే ఫలితం ఉండదు, గోప్యతకు సంబంధించిన ఫారాన్నే వెతికి పట్టుకోవాలి. సాధారణంగా ఆ ఫిర్యాదు వీడియోలో కనిపించే మనిషే చేయాలి. రాసేటప్పుడు బాధ కంటే వివరం ఎక్కువ పనిచేస్తుంది: "14వ సెకను నుంచి 31వ సెకను వరకు కిటికీ పక్కన నీలం చొక్కాతో కూర్చున్నది నేనే. నాకు తెలియకుండా దీన్ని తీశారు, ప్రచురించడానికి నేను అనుమతి ఇవ్వలేదు. ముఖం, గొంతు స్పష్టంగా ఉన్నందున నన్ను గుర్తుపట్టవచ్చు. తొలగించవలసిందిగా కోరుతున్నాను." యూట్యూబ్ ఇలాంటి ఫిర్యాదు అందాక, వీడియో పెట్టినవారికి దాన్ని సరిదిద్దుకోవడానికి 48 గంటలు ఇవ్వవచ్చు. ఐరోపా యూనియన్ పరిధిలోనైతే వీడియో పెట్టినవారినే నేరుగా, డేటా రక్షణ చట్టం కింద తొలగించమని రాతపూర్వకంగా అడిగే దారి ఉంది. మామూలుగా నెల లోపల జవాబివ్వాలి. "ఇది నా సొంత వినియోగం" అనే సాకు ఇంటి ఆల్బమ్‌కు చెల్లుతుంది గానీ, లోకమంతా చూసేలా పెట్టినదానికి చెల్లదని అక్కడి న్యాయస్థానం 2003లోనే చెప్పింది.

నగ్నంగా లేదా లైంగికంగా చూపే వీడియో అయితే మరో సాధనం ఉంది. స్టాప్ ఎన్‌సీఐఐ అనే ఉచిత సేవ, మీ ఫోనులోనే ఆ వీడియోకు వేలిముద్ర వంటి ఒక సంకేతాన్ని తయారుచేసి, ఆ సంకేతాన్ని మాత్రమే తనతో చేరిన కంపెనీలకు పంపుతుంది. వీడియో మీ చేయి దాటదు. అది 18 ఏళ్లు నిండినవారికి. అంతకంటే చిన్నప్పటి చిత్రాలకు తప్పిపోయిన, దోపిడీకి గురైన పిల్లల కోసం అమెరికాలో పనిచేసే ఎన్‌సీఎంఈసీ అనే సంస్థ నడిపే టేక్ ఇట్ డౌన్ అనే సేవ ఉంది. మామూలు రీల్‌కు ఈ రెండూ వర్తించవు. చాలామంది అక్కడ సమయం వృథా చేసుకుంటారు కనుక ఈ మాట ప్రత్యేకంగా చెప్పవలసి వస్తోంది.

కెమెరా మీ చేతిలో ఉంటే

వాకర్ ఎవాన్స్ అనే ఫొటోగ్రాఫర్ 1938 నుంచి 1941 వరకు న్యూయార్క్ సబ్‌వే రైళ్లలో ఎదుటి సీటు వాళ్లను తెలియకుండా తీశాడు. కోటు బొత్తాల మధ్య నుంచి కటకం తొంగిచూసేది, మీట నొక్కే తీగ చొక్కా చేతిలోంచి అరచేతిలోకి వచ్చేది. ఆ ఫొటోలను ఆయన పుస్తకంగా వేసింది 1966లో. తీసినది రహస్యంగానే అయినా, బయటపెట్టే ముందు పాతికేళ్లు గడవనిచ్చాడు. ఇవాళ తీయడానికీ పంచడానికీ మధ్య పాతిక సెకన్లు కూడా ఉండడం లేదు. కనుక కనీసం ఆ సందులోనైనా ఒక ప్రశ్నకు చోటివ్వాలి.

ముందే అడగగలిగితే ముందే అడగాలి. సహజమైన క్షణం పోతుందనుకుంటే తీసిన వెంటనే, ఎక్కడా పెట్టకముందు, ఆ వీడియోను ఆ మనిషికే చూపించి, ఎక్కడ పెడతారో, ఏం రాస్తారో, దాని మీద డబ్బు వస్తుందో లేదో చెప్పి అడగాలి. రికార్డు అవుతున్న కెమెరాను ముఖం ముందు పెట్టి అడిగితే వచ్చే "సరే" మొహమాటమే గానీ అనుమతి కాదు. మౌనం, నవ్వు కూడా అనుమతి కావు. నిద్రలో, మత్తులో, ఏడుపులో, నొప్పిలో ఉన్నవారిని అడగడమే తప్పు. పిల్లల విషయంలో తల్లిదండ్రుల మాట, పిల్లల మాట రెండూ కావాలి. ఉద్దేశం మంచిదే కదా అన్న సమర్థన కూడా నిలవదు. 2022లో మెల్‌బోర్న్‌లో ఒక అపరిచిత మహిళ చేతికి పూలగుత్తి ఇచ్చి తీసిన "దయ" వీడియోను కోట్ల మంది చూశారు. తనను మనిషిగా కాక వస్తువుగా వాడుకున్నట్టు అనిపించిందని ఆవిడ తర్వాత వాపోయింది.

అధికారం ఉన్నవారు దాన్ని ఎలా వాడుతున్నారో తీయడం వేరే సంగతి, దానికి వారి అనుమతి అడగనక్కరలేదు. 2020 మే 25న మినియాపొలిస్‌లో జార్జ్ ఫ్లాయిడ్ అనే నల్లజాతీయుడి మెడ మీద పోలీసు మోకాలు మోపి అతని చావుకు కారణమవుతుండగా వీడియో తీసిన 17 ఏళ్ల అమ్మాయి ఫోనును దాచలేదు, ఎదురుగా నిలబడి తీసింది. ఇలాంటి వీడియోలో కూడా వెనుక నిలబడిన సాక్షుల ముఖాలు అవసరం లేనప్పుడు కప్పేయాలి.

కప్పడమంటే పలుచని మసక పెట్టడం కాదు. పలుచగా ఉంటే మనిషి తెలిసిపోతాడు, కొన్నిసార్లు సాఫ్ట్‌వేరుతో ముఖాన్ని మళ్లీ ఊహించగలరు కూడా. ముఖం మీద నిండు రంగు ముద్ద వేసి, మనిషి కదిలినప్పుడల్లా అది వెంట కదులుతోందో లేదో ఒక్కో ఫ్రేమూ చూసుకోవాలి. గొంతు, పచ్చబొట్టు, మెడలో వేలాడే గుర్తింపు కార్డు, బండి నంబరు కూడా మనిషిని పట్టిచ్చేవే. ఫైలులో దాగి ఉండే స్థల వివరాలను పంపే ముందే తీసేయాలి.

అనుమతి ఇచ్చిన మనిషి మూడు నెలల తర్వాత మనసు మార్చుకొని తీసేయమంటే కారణం అడగకుండా తీసేయండి. అప్పుడు ప్రధాన ఖాతాలోదే కాక, కత్తిరించి వేరేచోట పెట్టిన ముక్కలను, డ్రాఫ్టుల్లో, క్లౌడ్‌లో మిగిలిన ప్రతులను కూడా తీసేసి, మీ దగ్గర నుంచి తీసుకొని పెట్టుకున్నవారికి ఒక కబురు పంపి, ఆ పని అయిందని ఆ మనిషికి తిరిగి చెప్పాలి.