కేర్ హోమ్ పెట్టడానికి ఎస్‌బీఏ లోన్: దరఖాస్తు విధానం

అమెరికాలో వృద్ధుల కోసం చిన్న కేర్ హోమ్ పెట్టాలనుకునేవాళ్లలో చాలామంది ఎస్‌బీఏ, అంటే స్మాల్ బిజినెస్ అడ్మినిస్ట్రేషన్, నేరుగా డబ్బు ఇస్తుందనుకుంటారు. కానీ అప్పు ఇచ్చేది బ్యాంకే. మీరు కట్టలేకపోతే నష్టంలో కొంత భరిస్తామని ప్రభుత్వం ఆ బ్యాంకుకు హామీ ఇస్తుంది. ఎస్‌బీఏ ప్రధాన లోన్ అయిన 7(ఎ)కి ఈ హామీ 1,50,000 డాలర్ల వరకు 85 శాతం, ఆపైన 75 శాతం. గరిష్ఠంగా 50 లక్షల డాలర్ల దాకా అడగొచ్చు. ఈ హామీ బ్యాంకుకే, మీకు కాదు. వ్యాపారంలో 20 శాతం, అంతకుమించి వాటా ఉన్న ప్రతి ఒక్కరూ సొంత పూచీ మీద సంతకం పెట్టాల్సిందే.

ఏ లోన్ అడగాలి?

ఇల్లు కొనడం, మంచాలు, జీతాలు అన్నీ కలిపి కావాలంటే 7(ఎ). కొత్త వ్యాపారానికి మొత్తం ఖర్చులో మీ సొంత డబ్బు కనీసం 10 శాతం చూపించాలి. 504 లోన్ భవనానికి, ఎక్కువ కాలం మన్నే పరికరాలకే; జీతాలకు వాడకూడదు. పైగా కొత్త వ్యాపారం, ప్రత్యేక అవసరానికి కట్టిన భవనం అన్న రెండు కారణాలూ కలిస్తే మీరు పెట్టాల్సిన సొంత డబ్బు 20 శాతానికి చేరుతుంది. అద్దె ఇంట్లో మొదలుపెట్టేవాళ్లకు 50,000 డాలర్ల వరకు మైక్రోలోన్ (చిన్న అప్పు) ఉంది.

లైసెన్స్ సంగతి

అసలు టెన్షన్ ఇక్కడే. లైసెన్స్ ఏదని బ్యాంకు అడుగుతుంది, ఇల్లు ఏదని లైసెన్స్ ఆఫీసు అడుగుతుంది. అందుకే రెండు దరఖాస్తులూ పక్కపక్కనే నడపాలి. లోన్ రాకపోతే అడ్వాన్స్ వెనక్కి వచ్చేలా ఇంటి ఒప్పందంలో షరతు రాయించుకోండి. లైసెన్స్ ఇచ్చేది రాష్ట్రం కాబట్టి నియమాలు ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి. కాలిఫోర్నియాలో అయితే కేర్ హోమ్ నిర్వహణ చూసే అడ్మినిస్ట్రేటర్ 80 గంటల కోర్సు చేసి పరీక్ష పాస్ కావాలి, ఇంటికి ఫైర్ క్లియరెన్స్ (అగ్నిప్రమాద భద్రత అనుమతి) కావాలి. ఈ కోర్సు లోన్ అడగకముందే పూర్తిచేస్తే మంచిది. అనుభవం లేనివాళ్ల ఫైలును బ్యాంకు అనుమానంగానే చూస్తుంది.

కాగితాలు

దరఖాస్తుదారు వివరాలకు ఫారం 1919, ఆస్తులు అప్పుల వివరాలకు ఫారం 413, టాక్స్ రిటర్నులు, రెజ్యూమె, ఇంటి ఒప్పందం, లైసెన్స్ దరఖాస్తు కాపీ, బిజినెస్ ప్లాన్. వీటిలో బ్యాంకు ఆఫీసర్ ఎక్కువసేపు చూసేది నెలవారీ రాబడి, ఖర్చుల అంచనానే. మొదటి నెల నుంచే అన్ని మంచాలూ నిండినట్టు వేస్తే ఎవరూ నమ్మరు. మంచాలు ఖాళీగా ఉన్నా రాత్రి డ్యూటీ మనిషికి జీతం ఇవ్వాలి, వాయిదా కట్టాలి. ఆ నెలలకు సరిపడా వర్కింగ్ క్యాపిటల్ (రోజువారీ ఖర్చుల డబ్బు) కూడా లోన్‌లోనే అడగండి. కేర్ హోమ్ గది అద్దె, భోజనం ఖర్చు మెడికేర్ (వృద్ధులకు ప్రభుత్వ ఆరోగ్య బీమా) ఇవ్వదు. మెడికేర్ డబ్బును రాబడి అంచనాలో వేయకండి.

ఇల్లు ఒక ఎల్ఎల్‌సీ (పరిమిత బాధ్యత కంపెనీ) పేరున, నడిపేది ఇంకో ఎల్ఎల్‌సీ పేరున పెట్టొచ్చు గానీ, నడిపే కంపెనీ కూడా అప్పుకి బాధ్యత తీసుకోవాలి. యజమానుల పౌరసత్వ నియమాలు 2025 నుంచి బాగా బిగుసుకున్నాయి. వర్క్ వీసా మీద ఉన్నవాళ్లనే కాదు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లను వాటాదారులుగా చేర్చేముందు కూడా బ్యాంకును అడగండి.

బ్యాంకు దొరక్కపోతే ఎస్‌బీఏ సైట్‌లో అప్పు ఇచ్చేవాళ్లతో కలిపే లెండర్ మ్యాచ్ ఉంది. ప్లాన్ రాయడానికి స్మాల్ బిజినెస్ డెవలప్‌మెంట్ సెంటర్లలో ఉచితంగా సలహా ఇస్తారు. ఏజెంటుకు డబ్బిచ్చి ఫైలు తయారు చేయిస్తే ఆ ఫీజు ఫారం 159లో చూపించాలి. అందుకు ఒప్పుకోని ఏజెంటును పెట్టుకోకండి.